గుట్టలో లేని పురుగు

జమ్మలమడుగు దాటినాక, గండికోట గుట్టల కింద. మేకల వెంట నాగులమ్మ. ఎదురుగా, చేతిలో వలతో ప్రొద్దుటూరు బడి అయ్యవారు గురురాజారావు.

“నవ్వు అవ్వా, నవ్వు. పొద్దున్నుంచి అందరూ నవ్వుతానే ఉండారు.”

“నవ్వక ఏం జేసేది అయ్యోరా? చెంబెడు నీళ్లు లేని గుట్టలో వల పట్టుకోని తిరుగుతాండావు. చేపలేమన్నా రాళ్ల కింద పండుకున్యాయా?”

“చేపలకు గాదు, పురుగులకు.”

“శివశివా! సాములు పురుగులు తినే కాలం వచ్చెనా?”

“తినేదానికి గాదవ్వా! యాభై ఏండ్ల కిందట మా జేజినాయన, మా నాయనకు నాయన, అనంతరామయ్య ఇట్లనే తిరిగినాడు. పులివెందుల కాడ మొదలుపెట్టి ఈడిదాకా. మద్రాసులో ఒక దొరకు పురుగులు పట్టిచ్చే పని. ఇదో, ఆయన నోటుబుక్కు. దీన్ని బట్టి ఊరూరూ తిరుగుతాండా.”

“ఆయప్ప పట్టినవన్నీ దొరికెనా?”

“అన్నీ దొరికె. ఒకటి తప్ప.”

“ఒకటేగదా, పోనీ.”

“ఆ ఒకటే గదవ్వా కావల్సింది! పచ్చ రెక్కలు, వీపున రెండు ఎర్రచుక్కలు. గండికోట గుట్టలో దొరికిందని రాసినాడు. దొర మనుషులు వచ్చి నెల దినాలు వెతికినారు. ఒక్కటీ కనపల్లా. యాడిదో తెచ్చి ఈడిదని అబద్ధం జెప్పినావని పనిలోనుంచి తీసేసినారు. పురుగుల పెట్టెల మీద ఆయన పేరు గూడా గీకేసినారు. ఒక్కటన్నా పట్టి పంపిస్తే మళ్లా పేరు రాస్తామని మొన్న మద్రాసు మ్యూజియమోళ్ల జాబు వచ్చె.”

“ఊ.”

“ఊ అంటావేంది? చూసినావా అట్లాంటిది?”

“ఎండ శానా ఉంది. మజ్జిగ తాగుతావా?”

“అవ్వా, చూసినావా లేదా?”

“నువ్వు ఫారెస్టోళ్ల మనిషివా?”

“నేను లెక్కల అయ్యవారిని.”

“ఒట్టు?”

“సరస్వతి మీద ఒట్టు. కావాలంటే పదిహేడో ఎక్కం జెప్తా.”

“వద్దులే. ఇదో, ఈ అగ్గిపెట్టె తెరువు. మెల్లగా. మా కొడుకు చిన్నసుబ్బయ్య నిన్న గింజలకని వచ్చి, వాని బిడ్డకియ్యమని ఇచ్చిపోయె.”

“అవ్వా! ఇదే! రెండు చుక్కలు... ఇదే! యాడ పట్టినాడు? ఏ గుట్ట? చూపించు, రాసుకుంటా!”

“ఈ గుట్టల్లో లేదప్పా అది. ఎప్పుడూ లేదు. నల్లమలది.”

“నల్లమలా? మరి మా జేజినాయన...”

“ఆయప్పకు ఇచ్చింది నేనే. పదేండ్ల పిల్లను. బెల్లముక్క పెట్టి, యాడ పట్టినావు పాపా అనె. గండికోట గుట్టలో అంటి. మా నాయన అట్లనే చెప్పమన్యాడు. ఆ ఏడు కరువు. మందను దొంగతనంగా నల్లమల్లోకి తోలింటిమి. గార్డుకు తెలిస్తే గొర్రెలూ పాయె, మా నాయనా జైలుకు పాయె.”

“అంటే నువ్వు జెప్పిన అబద్ధానికి మా జేజినాయన...”

“ఉండప్పా. ఆ మనుషులు వచ్చి వెతుకుతాంటే నేను చూస్తా ఉండలేకపోతి. పోయి ఆయప్పకు నిజం చెప్పేస్తి.”

“చెప్పినావా! ఏమన్యాడు?”

“‘నాకు జెప్పినావు, చాలు. ఇంగెవురికీ జెప్పొద్దు పాపా’ అనె. ఇంగో బెల్లముక్క చేతిలో పెట్టె. పాయె.”

“తెలిసీ నోరు తెరవలేదు... మా ఇంట్లో గూడా తెరవలేదు.”

“ఆ బెల్లం నేను తినలేకపోతినప్పా.”

“ఇప్పుడైతే ఈ సంగతి మద్రాసుకు రాయొచ్చు గదవ్వా? ఆయన పేరు నిలబడ్తాది. తెల్లోడు గూడా పాయె.”

“తెల్లోడు పాయె, మద్రాసోళ్ల రాజ్జెమూ పాయె. గార్డు మాత్రం యాడికీ పోలా. మా చిన్నసుబ్బయ్య మంద ఈపొద్దు గూడా ఆ అడివిలోనే ఉంది. వానల్లేవు, యాడికి తోలాల? అయినా రాసుకో అయ్యోరా. నీ జేజినాయన పేరు గదా, నేను అడ్డం పడను. రాసుకో... అయ్యో! ఏందప్పా, పెట్టె అట్ల తెరిచి పట్టుకున్యావు! ఎగిరిపాయె సూడు, నీ పురుగు!”

“పోనీలేవ్వా. గాలాడదేమోనని తెరిచినా.”