తెర్యో చేతులు

కూర్చుంటాలే గానీ నువ్వు ఇస్త్రీ ఆపకు రోవేనా, ఆ కాలర్ దగ్గర ముడత అలాగే ఉంది. రేపు క్యాంపు గేటు దగ్గర నీ మొహం కంటే ముందు దాన్నే చూస్తారు. ఏవన్నావు? వెళ్లడం మానేద్దామా అనిపిస్తోందా? అయితే మీ అమ్మ బుర్ర తినేసిందన్నమాట. నా దగ్గరా ఏడ్చింది, "సైన్యంలో మెడిక్ అయ్యి ఏం బావుకుంటుంది మావయ్యా, ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ బురదలో కట్లు కట్టి, ఆనక ఏ బ్యాంకు గేటు దగ్గరో లాఠీ పట్టుకుని నిలబడాలి. శుభ్రంగా హాంకాంగ్ పోయి ముసలాళ్లని చూసుకోమనండి" అని. అందులో అబద్ధమేం లేదులే. నాతో పాటు పింఛనుకొచ్చిన వాళ్లలో సగం మంది బ్యాంకు గేట్ల దగ్గరే తేలారు, నాతో సహా. కానీ తెర్యో సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. వాడు పోయేనాటికి నీకింకా పాలపళ్లు ఊడుతున్నాయి.

తెర్యో అంటే పురింగత్త కొడుకు. చెరకు తోట దొరల బంగళాలో బట్టలుతికి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది ఆవిడ. ఆ పెట్టె ఇప్పటి నీ కరెంటు పెట్టెలా కాదు, ఎత్తితే భుజం ఊడొచ్చేది. సరే, ఆవిడ చేతులెప్పుడూ వణుకుతుండేవి. కాఫీ కప్పు పట్టుకుంటే సాసర్ గలగలలాడేది. దాన్నే పస్మా అంటాం. వేడెక్కిన చేతుల మీద చన్నీళ్లు పడితే నరాలు బిగుసుకుపోయి ఇక జన్మంతా వణుకే అని మన దీవిలో ఏ తల్లి చెప్పదు? నవ్వకే. నీ నర్సింగ్ పుస్తకంలో లేకపోతే పోనీ, మా అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. పురింగత్త రోజంతా ఇస్త్రీ చేశాక దొరసాని పిలిచి గిన్నెలు కూడా కడిగించేదట, అలా పోయాయి ఆ చేతులు. కొడుక్కి అన్నం తినడం కంటే ముందు నేర్పింది అదే, పనిచేసొచ్చి వెంటనే నీళ్లు ముట్టుకోకురా అని.

ఇద్దరం ఒకే ఏడు సైన్యంలో చేరాం. నేను తుపాకీ మోసే రకం. వాడు మెడిక్ శిక్షణకి పెట్టుకున్నాడు. ఆఖరి పరీక్ష ఎలా ఉండేదంటే, గాయపడ్డవాణ్ని స్ట్రెచర్ మీద గుట్ట మీదికి మోసుకెళ్లాలి, డేరాలో దింపాలి, చేతులు కడుక్కుని కోసిపెట్టిన పందికాలికి కుట్లు వెయ్యాలి. గాయపడ్డవాడి వేషం నాది. ఎందుకంటే కంపెనీ మొత్తానికి నేనే బరువు. ఇప్పుడిలా ఉన్నాను గానీ అప్పట్లో ఒక కోడిని ఒక్కణ్నే తినేసేవాణ్ని. మోసేవాళ్లు దారంతా నన్ను తిట్టారు. గుట్టెక్కేసరికి తెర్యో అరచేతులు కాలే పెనంలా ఉన్నాయి. ఎదురుగా బేసిన్‌లో ఊటనీళ్లు. అందరూ చేతులు ముంచారు. వీడు మాత్రం గుడ్డతో తుడుచుకుని సూది పట్టుకున్నాడు.

శిక్షణ ఇచ్చేది సార్జెంట్ దుమాన్కాస్. ఆయనా మన చెరకు పొలాల మనిషే, ఎందుకు కడుక్కోలేదో అడక్కుండానే తెలుసు ఆయనకి. అరవలేదు. "నీ నరాలు కాపాడుకున్నావు, బాగుంది. నీ మురికితో వాడు చస్తాడు. పో, తుపాకీ తీసుకో" అన్నాడు. అంతే, పరీక్ష తప్పించేశాడు. ఆ పందికాళ్లన్నీ సాయంత్రం వంటశాలలో అడోబో కూర అయిపోయాయి. నా పంటిలో కుట్టు దారం ఇరుక్కుంది, అది వేరే కథ. తెర్యో ముద్ద ముట్టలేదు. వాడికి ఆ శిక్షణ తప్పితే దారి లేదు మరి. చెరకు కొట్టడానికి మళ్లీ వెళ్లనని తోట మేస్త్రీ మొహం మీదే చెప్పొచ్చాడు. ఇంకోసారి పరీక్ష పెట్టండని సార్జెంట్ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆయన భోజనానికెళ్లొచ్చినా, నిద్రపోయి లేచినా అక్కడే ఉన్నాడు. విసుగెత్తి సరే అన్నాడాయన.

ఈలోపు సెలవు మీద ఇంటికొచ్చాం. మిట్టమధ్యాహ్నం గడ్డి కోసి, వేడి చేతులు వేడిగానే వాగులో ముంచేవాడు. పురింగత్త ఒడ్డున కూర్చుని శోకాలు. చివరికి వాడు ఆవిడ చేతులు రెండూ పట్టుకుని అన్న మాట నేను నా చెవులతో విన్నాను. "అమ్మా, నీ చేతులు దొరల చొక్కాల కోసం పోయాయి. నావి పోతే ఒక ప్రాణం కోసం పోతాయి. పోనివ్వు" అన్నాడు. సెలవయ్యాక వెళ్లి పరీక్ష గట్టెక్కాడు.

వాడా మాట ఉత్తినే అనలేదని నాకు తర్వాత తెలిసింది. కొండల్లో మా మీద కాల్పులు జరిగాయి, నా తొడలో తూటా దిగింది. ఈసారి వేషం కాదు. తెర్యో వరిమడిలోంచి పాక్కుంటూ వచ్చి, మోకాలితో నా తొడ మొదట్లో గట్టిగా అదిమి నెత్తురు ఆపాడు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్లు, నీళ్లు అంటున్నాను. వాడు సీసా మూత తీసి ఆ నీళ్లు తన చేతుల మీద పోసుకున్నాడు. మోచేతుల దాకా బురద కదా. వాళ్లమ్మనీ వాణ్నీ కలిపి తిట్టాను. ఆ చేతులతోనే గాయంలో గుడ్డ కుక్కి కట్టు కట్టాడు. ఈ కాలు చూడు, చర్చికి ఇంకా దీని మీదే నడుస్తున్నాను.

పింఛనొచ్చాక వాడికీ మీ అమ్మ చెప్పిన గతే పట్టబోయింది. సైన్యంలో అందరూ డాక్టరుకి మల్లే డాక్, డాక్ అన్నవాళ్లే. బయట ఆసుపత్రికెళితే మీ శిక్షణ ఇక్కడ చెల్లదు, కావాలంటే కాపలా ఉద్యోగం ఉంది అన్నారు. తల నెరుస్తుంటే బకోలోద్ పట్నం వెళ్లి మంత్రసాని చదువులో చేరాడు. తరగతి నిండా కూతుళ్ల ఈడు పిల్లలు, మధ్యలో వీడు, మీసాలతో. మీసాల మంత్రసాని అని ఊరంతా నవ్వింది. ఎక్కువ నవ్వింది నేనే. చదువు పూర్తిచేసి లైసెన్సు తెచ్చుకుని మన ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నాడు. కడుపులో నువ్వు అడ్డం తిరిగావు, మీ అమ్మ సగం చచ్చింది. నిన్ను బయటికి తీసినవి ఆ చేతులే. ఈ సంగతి మీ అమ్మ చెప్పిందా? చెప్పి ఉండదులే.

చివర్లో వాడి చేతులు వణికాయి. వయసు అన్నాడు డాక్టరు. పస్మా అన్నాం మేమందరం. ఒకరోజు సారా తాగుతూ అడిగాను, ఏరా, ఇన్నేళ్లు కడుక్కున్నావు కదా, పస్మా ఉత్తిదని ఎప్పుడనిపించింది నీకు అని. వాడు నావైపు వింతగా చూశాడు. "ఉత్తిదని ఎవడన్నాడు? కడుక్కున్న ప్రతిసారీ చేతులు పోతున్నాయనే అనుకున్నాను" అన్నాడు. చూశావా, వాడు నమ్మడం మానలేదే. అమ్మ మాట నమ్ముతూనే, భయపడుతూనే, ప్రతిసారీ కడుక్కున్నాడు. అది నేను చెయ్యలేను. నీ సంగతి నాకు తెలీదు.

అయిందా ఇస్త్రీ? బాగా వచ్చింది కాలర్. తగిలించు. ఏయ్, ఎక్కడికి, కుళాయి దగ్గరికా? ఆ వేడి చేతులతో... ఆగవే, కాసేపు...

సరే, కడుక్కో. నేను అటు తిరిగి కూర్చుంటాను.