అమ్మమ్మ ఒత్తిగిలిన మధ్యాహ్నం

మధ్యాహ్నపు ఎండ పల్చటి కర్టెన్‌లోంచి వడకట్టినట్టుగా మంచం మీద పడుతోంది. కాళ్ళు చచ్చుబడి మంచాన పడ్డప్పటి నుంచి అమ్మమ్మ ఒంటి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వడం లేదు. ఎప్పుడూ వెల్లకిలా పడుకునే ఉండడంతో వీపంతా కమిలిపోతోంది. నర్సింగు చదివే మనవరాలు పుస్తకంతో పక్కన కూర్చుంది.

“అమ్మమ్మా, రేపు నాకు పరీక్ష. పేషెంటుని పక్కకి తిప్పడం ఒకసారి నీ మీద చేసి చూసుకోనా?”

“ఏముందే అందులో?”

“ముందు చేతులు కడుక్కోవాలి. తర్వాత ఏం చేయబోతున్నామో పేషెంటుకి చెప్పాలి. సరేనంటేనే ముట్టుకోవాలి.”

“వద్దంటే?”

“ఊరికే నీ పక్కన కూర్చుంటాను.”

అమ్మమ్మ కర్టెన్ ఊగడాన్ని చాలాసేపు చూసింది.

“సరే, కానీ.”

మనవరాలు చేతులు కడుక్కుని వచ్చింది.

“మోకాలు కాస్త మడుస్తున్నా. అవతలి భుజం మీద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి వేస్తున్నా. మెల్లగా నా వైపు ఒత్తిగిలు.”

“పడవలో ఉన్నట్టుందే.”

“నొప్పిగా ఉందా?”

“లేదు. వీపుకి గాలి తగులుతోంది. ఎన్నాళ్ళయిందో!”

మనవరాలు చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకుంది.

“నీ పరీక్షలు పోయిన వారమే అయిపోయాయటగా. మీ అమ్మ చెప్పింది.”

మనవరాలు నాలుక కరుచుకుంది. “మరి ఎందుకు ఒప్పుకున్నావు?”

“తిరుగు, తిరుగు అని నా మీద కేకలేసేవాళ్ళే అందరూ. సరేనా అని అడిగింది నువ్వొక్కదానివే. ఇంకాసేపు ఆ చెయ్యి అక్కడే ఉండనీ.”

అంటూనే అమ్మమ్మ నిద్రలోకి జారుకుంది.