భయం లేని చోటు

మేడ మీది డాన్సు గది. పిల్లలు రావడానికి ఇంకా వేళ ఉంది. టీచరు ఏ పిల్ల కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుందో ఆ పిల్ల రాలేదు. ఆ పిల్ల మేనత్త వచ్చింది.

"...చెప్పాను కదమ్మా, జ్వరం. మంచం మీద పడుకుంది. ఎన్నిసార్లు అడుగుతావ్?"

"నిన్న బాగానే ఉందండీ. ఎగిరెగిరి ఆడింది."

"ఎగిరింది కాబట్టే వచ్చింది జ్వరం."

"అది కాదండీ, శనివారం పిల్లలందరూ కలిసి ఆడుతున్నారు. మధ్యలో నిలబడేది మా పిచ్చుకే."

"ఎవరది?"

"మీ మేనకోడలే. ఇక్కడ మేం అలా పిలుస్తాం."

"పిచ్చుకా! మా ఇంట్లో దాన్ని మొద్దు అంటాం. మొద్దూ అంటేనే పలుకుతుంది."

"పలకడం లేదనే కదండీ బళ్లో వాళ్లు నా దగ్గరికి పంపింది. జుట్టు పీక్కుంటోందని, ఎప్పుడూ మూల కూర్చుంటోందని, మనసు బాగాలేదని..."

"మనసు బాగాలేకపోతే డాన్సా? పంటి నొప్పికి పాదాలకి నూనె రాసినట్టుంది. అయినా మూల కూర్చుంటే నీకేం నొప్పి? మూలనున్న చీపురు ఎవరినైనా ఏమైనా అంటుందా?"

"పిల్లండీ అది. చీపురు కాదు."

"చీపురైతే ఇల్లయినా ఊడ్చేది."

"అమ్మా, కాస్త కూర్చోండి. మంచినీళ్లు ఇమ్మంటారా?"

"వద్దు. అద్దానికి ఆ దుప్పటేమిటి?"

"పిల్లలు తమని తాము చూసుకుని సిగ్గుపడతారని కప్పాను. ఇక్కడ అందంగా ఆడక్కర్లేదు. లోపల ఉన్నది బయటికొస్తే చాలు."

"దాని లోపల ఏముంటుందమ్మా? మేం పెట్టిన తిండి తప్ప."

"భయం ఉంది."

"ఎవరంటే?"

"అది..."

"ఎవరంటే భయమని చెప్పింది నీతో?"

"చెప్పలేదు. మేం అడగం. అందరం గుండ్రంగా కూర్చుంటాం. గుండ్రంలో చూసింది గుండ్రం దాటకూడదు, అది మా ఒట్టు. అందుకే పిల్లలు నన్ను నమ్ముతారు."

"అబ్బో, ఒట్టు కూడానా! పిడికెడు పిల్లలకి గంపెడు గుట్టు. సరే గానీ, అసలు సంగతి విను. దాన్ని పనికి పంపేస్తున్నాం. దూరం. ఒక పెద్దింట్లో, వాళ్ల పిల్లల్ని ఎత్తుకోవడానికి. తిండీ నిద్రా అక్కడే."

"పనికా? దానికి పదమూడేళ్లు!"

"నాకూ ఒకప్పుడు పదమూడేళ్లే. ఇద్దరు తమ్ముళ్లని చెరో చంకన వేసుకుని తిరిగాను. అందులో ఒకడే దీన్ని కని, ఇంకొకత్తెని కట్టుకుని, దీన్ని నా నెత్తిన దింపి పోయాడు."

"మీ కష్టం కాదనను. కానీ ఇప్పుడిప్పుడే కదండీ అది కాస్త... మొన్న నవ్వింది, తెలుసా? పైకి వినపడేలా నవ్వింది."

"ఇంట్లో అలా నవ్వితే పళ్లు రాలేవి."

"అమ్మా!"

"వేళాకోళానికి అన్నాలే. నువ్వే ఇంత బెదిరితే ఇక పిల్లలకేం ధైర్యం నేర్పుతావ్?"

"దాన్ని పంపకండి. మీ కాళ్లు పట్టుకుంటాను..."

"నా కాళ్లెందుకు? నీ కాళ్లతోనే కదా నీ బతుకు."

"ఇంట్లో పనంతా అయ్యాకే రానివ్వండి. నేనే వచ్చి తీసుకెళతాను, నేనే దింపుతాను. అక్కడికి పంపితే మళ్లీ రాయి అయిపోతుంది."

"మా ఆయన ఒప్పుకోరు. గెంతులేస్తే ఏమొస్తుంది అంటారు. నేనేం చెప్పను? గుండ్రం, ఒట్టు, దుప్పటి అని చెప్పనా? నన్ను కూడా గుండ్రంగా తిప్పుతారు."

"నేనొచ్చి చెబుతాను ఆయనకి."

"నీ మాట వింటారా! ఆడదాని మాట, అందులోనూ గెంతించే ఆడదాని మాట. నా మాటంటే కాస్త... కానీ నాకే నమ్మకం లేదే! మారింది మారింది అంటావు. ఏం మారింది? ఒక్కటి చెప్పు. నేను కళ్లారా చూసినట్టు చెప్పు. ఇంటికెళ్లి వాదిస్తాను."

"నిజంగా వాదిస్తారా?"

"నా రక్తం కాదూ అది? నాకు మాత్రం కడుపుతీపి లేదా?"

"చెబితే... కనీసం శనివారం దాకా అయినా ఉంచుతారా?"

"నువ్వు చెప్పేదాన్ని బట్టి."

"మొన్న పిల్లలకి ఒక పని ఇచ్చాను. నీకు భయం లేని చోటు ఏదో నోటితో చెప్పొద్దు, ఒంటితో చూపించు అన్నాను. ఒక పిల్ల సముద్రం చూపించింది. ఒక పిల్ల వాళ్ల అమ్మమ్మ ఒడి చూపించింది. మీ పిల్ల ఎప్పటిలాగే గోడకి అంటుకుని నిలబడింది."

"చూశావా? మొద్దు."

"ఆగండి. అందరిదీ అయిపోయాక కదిలింది. ఎవరూ పిలవలేదు, తనంతట తనే! ముందుగా..."

"ఊఁ, ముందుగా?"

"ఇది... గుండ్రంలోదండీ. చెప్పకూడదు."

"నేనేం పరాయిదాన్నా, పెంచినదాన్ని. వద్దులే, చెప్పకు. అక్కడ ఏమీ లేదండీ అనే చెబుతాను ఆయనకి. వస్తా మరి."

"ఆగండి, ఆగండి! చెబుతాను. ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నట్టు చేసింది."

"చప్పుడు కాకుండానా?"

"అయి ఉంటుంది. మునివేళ్ల మీద మెట్లెక్కింది. పైన గాలి తగిలినట్టు కళ్లు మూసుకుంది. అక్కణ్ణుంచి, ఇలా చూడండి, ఒళ్లు పక్కకి తిప్పుకుని ఇరుకులోంచి దూరింది. వీపు గోడకి రాసుకుంటూ."

"ఆఁ..."

"తర్వాత చేతులు రెండూ ఎత్తి, గుండ్రటిదేదో, బరువైనది, పక్కకి జరిపింది. ఎగబాకి లోపలికి దిగింది. మోకాళ్లు గడ్డానికి ఆనించి ఇంతే అయిపోయింది, ఇంతే! మళ్లీ ఆ గుండ్రటిదాన్ని నెత్తి మీదికి లాక్కుంది. అప్పుడు, అమ్మా, అప్పుడు నవ్వింది! నాకు ఏడుపొచ్చేసింది."

"చేతులు ఎంత పైకెత్తింది? మళ్లీ చూపించు."

"ఇంత. గుండెల దాకా."

"లోపల తడా, పొడా?"

"అదేం ప్రశ్నండీ... దుమ్ము దులిపినట్టు చేతులు దులుపుకుంది. నేనైతే గూడేమో అనుకున్నాను, తల్లి కడుపేమో అనుకున్నాను. పిల్లలు చూపించే చోట్లు నిజంగా ఉండవండీ. మనసులో కట్టుకునేవి."

"చదువుకున్నదానివి, నీకలాగే తోస్తుంది."

"మీరు నవ్వుతున్నారు! అంటే నమ్మినట్టేనా? శనివారం పంపుతారా?"

"నమ్మానమ్మా, పూర్తిగా నమ్మాను. ఉండు, ఆయనకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చేయండి, చేయండి! కావాలంటే నాకివ్వండి, నేనూ చెబుతాను."

"ఏమండీ... ఆఁ, నేనే. దాన్ని పనికి తీసుకెళ్లడానికొచ్చిన కారు వాణ్ని వెళ్లనివ్వకండి. ఊరంతా వెతకొద్దు, ఇంట్లోనే ఉంది. డాబా మీద, వెనక సందులో, పాత నీళ్ల ట్యాంకు లేదూ, ఎండిపోయింది? దాని మూత తీయండి. ఆఁ, పొద్దుట్నుంచీ అందులోనే. ఒక్కరే వెళ్లకండి, కరుస్తుంది."

"అమ్మా! ఏ ట్యాంకు? ఎవరు అందులో? జ్వరంతో మంచం మీద పడుకుందన్నారు కదా!"

"పడుకోవడానికి అందులో చోటెక్కడిదమ్మా? మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటుంది. నువ్వే కదా చూపించావ్."