సరసమ్మ చదివిన పదకొండు పేర్లు

ఆ ఫోటో దించొద్దు అభినయా, అట్లే పైపైన తుడిచేయి. ఎవురా? సరసమ్మ. మన చుట్టం కాదు, మన కులం కాదు, మన సామిని మొక్కే మనిషి కూడా కాదు. మిషన్ చర్చిలో బైబిలు చదివి వినిపించే ఆమె. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిసంచిలో ఒక తెలుగు బైబిలు, అంతే ఆమె ఆస్తి. నలభై ఏండ్లు పాపారపట్టి దిక్కు ఊరూరూ నడిచింది, ఇంటింటి తిన్నె మీదా కూర్చుని ఆడోళ్ళకి చదివింది. పోయి చానా ఏండ్లయిందిలే. నీకు అప్పుడు మూడేండ్లు, ఆమె బిస్కత్తు ఇస్తే భయపడి ఏడ్చినావు. తప్పు నీది కాదు, ఆమె నవ్వితే కూడా పరీక్ష పెట్టే మాదిరి ఉంటాది మొగం. మన షాపుకి ఎందుకు వచ్చేదా? అది చెప్పాలంటే ముందు సిద్ధరాజ్ సారు సంగతి చెప్పాల, ఆయన సంగతి చెప్పాలంటే కమిటీ సంగతి చెప్పాల. స్టూలు లాక్కో. ఈ ఫ్రేముకి గమ్ము ఆరేదానికి ఎట్లయినా గంట పడతాది.

రెండువేల ఆరులో ఆ చర్చికి డెబ్బై ఐదేండ్లు నిండినాయి. నిండితే ఊరికే ఉంటారా, కమిటీ వేసినారు. దానికి తలకాయ సిద్ధరాజ్ సారు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. కమిటీలో ఏడు మంది, దాని కింద తొమ్మిది ఉపకమిటీలు. లెక్క చూసుకో, మనుషుల కంటే కమిటీలు ఎక్కువ. పద్నాలుగు మీటింగులు పెట్టినారు, అందులో నాలుగు పేరు పెట్టేదానికే పోయినాయి. ముసలోళ్ళు పారంపర్య ఆరాధన అని పెట్టాలన్నారు. కీబోర్డు వాయించే పిల్లోళ్ళు అట్ల కాదు, పునరుజ్జీవన ఆరాధన అన్నారు. కడాకి ఎవురినీ నొప్పించకుండా రెండూ కలిపి ‘పారంపర్య పునరుజ్జీవన ఆరాధన’ అని తమిళంలో బేనరు రాయించినారు. బేనరు ఇరవై రెండు అడుగులు, చర్చి ముందర గోడ పద్దెనిమిది. మిగిలిన నాలుగు అడుగులు మూల మలిచి కట్టినారు. దాంతో రోడ్డు మీద పోయేవాళ్ళకి పారంపర్యమూ కనబడింది, పునరుజ్జీవనమూ కనబడింది, ఆరాధన మాత్రం సందులోకి పోయింది. నేను వేళాకోళం చేయడంలేదు, కట్టింది మన రంగస్వామే, కావాలంటే అడుగు. తర్వాత కార్యక్రమం కాగితం వేసినారు, నిమిషాల లెక్కతో. పారంపర్యానికి నలభై ఐదు నిమిషాలు, పునరుజ్జీవనానికి నలభై ఐదు నిమిషాలు, ఉపన్యాసాలకి యాభై, దేవునికి ప్రార్థన చేసేదానికి పది. ఆ పదిలోనే కానుకల పాట కూడా.

పాతదాన్ని గౌరవించాలంటే ముందు దాన్ని పీకి పారేయాల కదా. నేల మీద ఉండిన నల్ల రాళ్ళు పీకి, జారిపడేంత నున్నగా టైల్సు వేసినారు. పాస్టరు నిలబడి మాట్లాడే టేకు మేడ ఒకటుండె, బర్మా టేకు, నేనైతే ముట్టుకునేదానికి కూడా భయపడతా, దానికి వెన్నరంగు పెయింటు కొట్టినారు. కిటికీ రెక్కలు పోయి అల్యూమినియం వచ్చింది. అంతా అయినాక సిద్ధరాజ్ సారుకి తోచింది, పారంపర్యం అని బేనరు వేసినాము, చూపించేదానికి పాత వస్తువు ఒకటన్నా ఉండాల కదా అని. వెతికినారు. బీరువా అడుగున ఒక రిజిస్టరు దొరికింది, చర్చి కట్టిన కాలంది. చెదలు మర్యాదగా అంచులు మాత్రం తిని వదిలేసినాయి. చూస్తే అంతా తెలుగు. ఆ కాలంలో అక్కడ చేరినోళ్ళు తెలుగు మాట్లాడేవాళ్ళే, చర్చి పెట్టిన తెల్ల దొర కూడా తెలుగు నేర్చుకునే వచ్చినాడు. ఇప్పుడా? సిద్ధరాజ్ సారు పెండ్లాంతో తెలుగులో కొట్లాడతాడు, ఊరితో తమిళం మాట్లాడతాడు, కమిటీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరం చూపిస్తే తలకిందులుగా పట్టుకుంటాడు. పాస్టరు సేలం పిల్లోడు, ఆయనకి తెలుగు మాట కూడా రాదు. అంకెలు కూడా తెలుగు అంకెలే, ఏ సంవత్సరమో ఎవురికి తెలుస్తాది. రిజిస్టరంతా గజిబిజిగా ఉండాది, ఒక్క పేజీ మాత్రం అచ్చు గుద్దినట్ల ఉండాది. ఎర్ర సిరాతో గీతలు, వరసగా పదకొండు పేర్లు, పక్కన ఏదేదో రాసి, కింద దొర సంతకం, దాని మీద ముద్ర. ముప్పై నాలుగేండ్లు ఫైళ్ళు చూసిన మనిషికి ఇంతకన్నా సాక్ష్యం కావాల్నా. సంతకముండాది, ముద్ర ఉండాది, ఎర్ర సిరా ఉండాది, అందువల్ల ఇది స్థాపక సభ్యుల జాబితా అని పన్నెండో మీటింగులో తీర్మానం చేసేసినారు. ఆ పేర్లు ఆరాధనలో చదవాల, ఒక్కో పేరుకి ఆ వంశంవాళ్ళు లేచి వచ్చి ఒక కొవ్వొత్తి వెలిగించాల. ఆ పేజీ తెరిచి అందరికీ కనబడే మాదిరి గాజుపెట్టెలో పెట్టాల. గాజుపెట్టె అంటే ఊర్లో ఇంకెవురు, తెచ్చి ఇదో ఈ బల్ల మీదే పెట్టినారు.

మా నాయన నాకు పంచాంగం చూసేదానికని తెలుగు అక్షరాలు నేర్పించినాడు. టేపు పట్టుకొని కొలత తీస్తా పేజీ పైన ఉండేది చదివినాను. ‘సంఘములోనుండి తీసివేయబడినవారు’ అని రాసిండాది. అంటే వెలేసినవాళ్ళు పాపా. మళ్ళీ చదివినా, అదే ఉండాది. సార్, పైన ఏమి రాసిండారంటే అని మొదలుపెట్టినా. ఆయన చెయ్యి ఎత్తి, “గోపాలకృష్ణన్, నువ్వు గాజు కోయి. చరిత్ర మేము చూసుకుంటాము” అన్నాడు. సరే చూసుకోండి అని గాజు కోసేదానికి పోయినా.

పేర్లు తమిళంలోకి ఎత్తి రాసుకోవాల కదా, అందుకని సరసమ్మని షాపుకే పిలిపించినారు. డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి, గొడుగు మూల పెట్టి, కండ్లద్దాలు పెట్టుకొని వంగింది. వేలు పేజీ పైన పెట్టింది. అక్కడే ఉంచింది. సారు వాచీ చూసుకొని, పైన రాసింది వద్దమ్మా, పేర్లు చదివితే చాలు, టైం లేదు అన్నాడు. సరేనని పేర్లే చదివింది. మూడో పేరు చిన్నకణ్ణు. సిద్ధరాజ్ సారు మా తాత అని లేచి నిలబడినాడు, కండ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ పేరు పక్కన ‘మొదటి భార్య ఉండగానే రెండవ వివాహము’ అని ఉండాది. నేను అటు తిరిగి గాజు తుడుస్తా ఉన్నా, తుడిచిందే తుడుస్తా. ఏడో పేరు దగ్గర ఆమె ఆగిపోయింది. ఏమయింది చదువమ్మా అంటే, మూకాయి అనింది, మా అమ్మ అనింది. సారుకి ఆశ్చర్యం. మీ అమ్మ స్థాపక సభ్యురాలా, ఇన్నేండ్లు చెప్పనే లేదే అన్నాడు. నన్ను ఎవురు అడిగినారయ్యా అనింది. పదకొండూ అయినాక పాస్టరు, పాపం చిన్నపిల్లోడు, పేర్ల పక్కన ఏముందమ్మా అని అడిగినాడు. నేను గాజు తుడిచేది ఆపేసినా. ఆమె అద్దాలు తీసి, “వాళ్ళు చేసిన పనులు రాసిండారయ్యా” అనింది. దాంట్లో అబద్ధం ఒక్కటన్నా ఉందా చెప్పు. సిద్ధరాజ్ సారు పాస్టరు వీపు తట్టి, చూసినారా, ఆ కాలంలోనే ఒక్కొక్కరి సేవ ఎట్ల రాసిపెట్టినారో అన్నాడు.

మూకాయి సంగతి ఊర్లో పాతవాళ్ళందరికీ తెలుసు, మా నాయన చెప్తా ఉండె. ఆమె చంటి కొడుక్కి అమ్మవారు పోసింది, ఒళ్ళంతా. చర్చిలో ప్రార్థన చేసినారు, దొర మందు ఇచ్చినాడు, జ్వరం దిగలేదు. తల్లి మనసు, ఎవురికీ తెలీకుండా రాగి అంబలి, వేపాకు తీసుకొని మారియమ్మన్ గుడికి పోయొచ్చింది. పిల్లోడు బతికినాడు. అదే తప్పయిపోయింది. చచ్చిపోయింటే పెద్దలు జాలిపడి క్షమించి ఉందురేమో. బతికితే ఎవురు బతికించినట్టు అనే ప్రశ్న వస్తాది కదా, అందుకని వెలేసినారు. వేరే మనిషైతే పోండిరా అని మన గుళ్ళకే వచ్చేసుండును. ఆమె రాలేదు. పంతొమ్మిదేండ్లు ప్రతి ఆదివారం చర్చి కిటికీ బయట గోనెసంచి పరుచుకొని కూర్చునింది. లోపల పాడితే బయట పాడింది. లోపల రొట్టె పంచితే బయట తలకాయ వంచుకునింది. ఆమె కూతుర్ని మాత్రం మిషన్ బడిలో పెట్టుకున్నారు, చదువు చెప్పినారు, బైబిలు చేతికిచ్చినారు. కూతురు లోపల చదవాల, తల్లి బయట వినాల. చచ్చిపోతే చర్చివాళ్ళ సమాధుల్లో చోటు కూడా ఇవ్వలేదు.

కమిటీ వెళ్ళిపోయినాక సరసమ్మ స్టూలు మీద అట్లే కూర్చుండిపోయింది. “నువ్వు చదివినావు కదా గోపాలూ” అనింది. చదివినానక్కా అన్నా. వాళ్ళకి చెప్తావా అంటే, నాకు గాజు పని మాత్రమే ఇచ్చినారు, చరిత్ర పని ఇవ్వలేదు అన్నా. నవ్వలేదు ఆమె. “ఒక్కసారి ఆ మైకులో మా అమ్మ పేరు వినాల. అంతవరకు నోరు మూసుకుంటా. తర్వాత దేవుడు ఏమి శిక్ష వేసినా వేయనీ” అనింది. నలభై ఏండ్లు అబద్ధం ఆడొద్దని ఊరికి చెప్పిన మనిషి పాపా. నీళ్ళిచ్చినా, తాగకుండా గొడుగు తీసుకొని పోయింది.

ఆరాధన రోజు నన్నూ పిలిచినారు, గాజుపెట్టె చేసినందుకు చివరి బెంచీ. తొమ్మిదికి మొదలని కాగితం, తొమ్మిది నలభైకి మొదలైంది. పారంపర్యం గంటా పది నిమిషాలు సాగింది. పునరుజ్జీవనం పిల్లోళ్ళు డ్రమ్ము పెట్టుకొని వాకిట్లో కాచుకొని ఉండారు, వాళ్ళ మొగాలు చూడాల్సింది. పాస్టరు పేర్లు చదివినాడు. చిన్నకణ్ణు అంటే సిద్ధరాజ్ సారు పట్టుపంచెతో నడిచిపోయి, ఫోటో తీసేదాకా ఆగి కొవ్వొత్తి వెలిగించినాడు. మూకాయి అన్నాడు. మైకు మంచిది, బయట రోడ్డు దాకా వినబడింది. సరసమ్మ లేచిపోయి వెలిగించి, వచ్చి కూర్చునింది. పదకొండూ వెలిగినాయి. అయిపోయింది కదా, అంతటితో ఆపుంటే పండగ మాదిరి ముగిసుండును. సిద్ధరాజ్ సారు ఉపన్యాసానికి లేచినాడు. మూడు నిమిషాలని తానే కాగితంలో వేసుకున్నాడు, పదహారు నిమిషాలైంది. ఈ పదకొండు మంది ఇదే చర్చిలో, ఇదే ముందు వరసలో, మీరు కూర్చున్న చోటే కూర్చుని అని చెయ్యి చాపి చూపిస్తా ఉండాడు, సరసమ్మ లేచింది.

“లేదయ్యా. మా అమ్మ ఆ కిటికీ బయట కూర్చునింది” అనింది. మైకు లేదు, అయినా అందరికీ వినబడింది, ఊర్లలో చదివి చదివి అలవాటైన గొంతు. సారు సరే సరే కూర్చోమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు. పేజీ పైన ఏమి రాసిండారో నన్ను చదవనీలేదు, ఇప్పుడు చదువుతా అని కంఠతా చెప్పింది, ముందు తెలుగులో, తర్వాత తమిళంలో. కీబోర్డు పిల్లోడి వేలు ఏదో మీట మీద పడి కుయ్యిమనింది, అంతే. “ఈ పదకొండు మందినీ ఈ సభ బయటికి పంపింది. ఈరోజు మీరే పేరు పెట్టి లోపలికి పిలిచినారు, దీపం పెట్టినారు. పిలిచినాక మళ్ళీ పంపేదానికి లేదు” అని చెప్పి కూర్చునింది. అప్పుడు చూడాల, పదకొండు కుటుంబాలవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకుంటా, మా తాత ఏమి చేసినాడో అని ఒక్కొక్కరూ గాజుపెట్టె దిక్కు మెడలు చాపుతా ఉండారు. చదివేదానికి ఒక్కడికీ రాదు.

తర్వాతనా? పదిహేనో మీటింగు పెట్టినారు. ముసలామె మీద చర్య తీసుకోవాలని ఇద్దరు, పేజీ తీసేయాలని ముగ్గురు. ఏమి తీసేస్తారు, సారు కొవ్వొత్తి వెలిగించిన ఫోటో అప్పటికే పేపర్లో వచ్చేసింది. సిద్ధరాజ్ సారు ఊరికే సూపరింటెండెంటు కాలేదు. వార్షిక నివేదికలో ఏమి రాసినాడో తెలుసా, కమిటీ దీర్ఘ ప్రార్థన చేసి, గతంలో వెలివేయబడినవారిని తిరిగి చేర్చుకోవాలని నిర్ణయించి, ఆ ఉద్దేశంతోనే ఆరాధనని రూపొందించింది అని. అదేనంట పునరుజ్జీవనం. సరసమ్మ దానికీ ఒప్పుకునింది, అట్లయితే మా అమ్మ పేరు సభ్యుల పట్టీలో ఎక్కించండి, మీరు చదవగలిగే అక్షరాల్లో అనింది. ఎక్కించినారు. ఇంకా తీయలేదంట. మూడేండ్లకొకసారి వాళ్ళకి ఎలక్షన్లు వస్తాయి కదా, పోయినసారి మూకాయి ఓటు కూడా పడిందని చెప్పుకుంటారు. ఎవురికి వేసిందో తెలీదు.

ఆ వారంలోనే ఒకరోజు పెట్టె మూత బిగుసుకునిందని పిలిస్తే చర్చికి పోయినా. ఆమె ఒక్కతే ఉండాది. అద్దాలు ఇంట్లో మరిచొచ్చినా, అమ్మ పేరు పక్కన ఉండేది పూర్తిగా చదువు గోపాలూ అనింది. చదివినా. బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు గుడికి అంబలి తీసుకొనిపోయినందున అని. అంతేనా అనింది. అంతే అక్కా అన్నా. అంతే కాదు పాపా. దాని కింద సన్న అక్షరాల్లో ఇంకో వరస ఉండాది. ‘ఎనిమిదేండ్ల కూతురు సరసమ్మ చెప్పిన సాక్ష్యము మీద’ అని. బడిలో ఎవురో అడిగుంటారు, మీ అమ్మ యాడికి పోయిందని. అబద్ధం ఆడొద్దని నేర్పించిన పిల్ల, ఏమి చెప్తాది. ఆమె గాజు మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. అద్దాల తాడు చేతిసంచిలో నుంచి వేలాడతా ఉండాది, నాకు కనబడతానే ఉండాది. కడాకి, “నువ్వు మంచోడివి గోపాలూ. చదవడం మాత్రం సరిగ్గా రాదు నీకు” అనింది.

...

ఏమి అట్ల చూస్తావు. పో, కాఫీ పెట్టినారేమో లోపల అడుగు. చక్కెర తక్కువ వేయమను.