మోకాళ్ళ మీద దిగిన విమానం

నాలుగింటికి ఫోనులో నా ఇంటర్వ్యూ. భోజనాల వేళ దాటిపోయినా నా తల సగమే అల్లి ఉంది. కుడివైపు సన్నజడలు బుద్ధిగా పడుకున్నాయి, ఎడమవైపు జుట్టు గొడుగులా లేచి నిలబడింది. అల్లుతున్నది నాలోంగో, తన జడల దుకాణంలో. కవలల్ని కన్న తల్లి కాబట్టి మసాకా ఊళ్ళో మా బజారంతా ఆమెని ఆ పేరుతోనే పిలుస్తుంది, అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. కథ ఎత్తుకుందంటే ఆమె వేళ్ళు కథతోపాటే నడుస్తాయి, కథ ఆగితే వేళ్ళూ ఆగుతాయి.

నా భయం ప్రశ్నల గురించి కాదు, నా మోకాళ్ళ గురించి. పెద్దవాళ్ళు కనబడితే చాలు, అవి నన్నడక్కుండానే నేలమీదికి వెళ్ళిపోతాయి. మా ఇంట్లో ఆడపిల్లలందరం పెద్దలకి అలా మోకరిల్లి నమస్కారం పెడుతూనే పెరిగాం. పోయిన వారం మా హెడ్మిస్ట్రెస్ అలవాటు కోసమని వీడియో కాల్ చేసింది. ఆవిడ ముఖం రాగానే నేను మోకరిల్లాను. ఆవిడకి గోడా, గోడమీది కాలెండరూ మిగిలాయి. “నబుకీరా, ఎక్కడికి పోయావే?” అని ఒకటే కేకలు. ఇవాళ అలా మాయమైతే ఆ విదేశీ కాలేజీ వాళ్ళు లైను తెగిందనుకుని తర్వాతి పిల్లని పిలుస్తారు. నర్సు చదువూ, స్కాలర్‌షిప్పూ ఆ కాలెండరు వెనక్కే పోతాయి.

ఈ మాట నాలోంగోతో అనేశాను. ఆమె దువ్వెన నా జుట్టులో గుచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

“మోకాళ్ళ గురించా నీ బెంగ? ఒసే పిచ్చిపిల్లా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి ఈ బజారంతా ఎరుగుదురు.”

గడప మీద అవకాడోల గంపతో కూర్చున్న తెండో అమ్మ దగ్గింది.

“దగ్గొస్తే అల్లం నములు వదినా. నేను చేసిందల్లా ఒక పిల్లకి ఒక స్కాలర్‌షిప్పు వెతికిపెట్టడం, అదీ ఈ దుకాణం దాటకుండా. ఎలాగంటావా, ఆ జుట్టారబెట్టే మిషను చూడు. దాని కింద తలపెట్టిన మనిషికి ఏమీ వినపడదు, అందుకని లోకానికీ వినపడదనుకుని అరుస్తుంది. ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో అన్నీ నాకు ఆ మిషనే చెబుతుంది. ఓరోజు కంపాలా ఆవిడొకతె దాని కింద కూర్చుని ఫోనులో అరుస్తోంది, ఫలానా దేశంలో మన ఆడపిల్లలకి ఉత్తినే చదువు చెప్పిస్తారట, విమానం టిక్కెట్టూ వాళ్ళదేనట, ఇక్కణ్ణుంచి ఒక్కరూ అడగలేదట అని. నేను మిషను ఆపానా? ఇంకాస్త వేడి పెంచాను. వివరాలన్నీ బయటికి వచ్చేదాకా ఆవిడ జుట్టు ఆరనే లేదు.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు లువాగా. మోటారుసైకిలు మీద జనాన్ని తిప్పుతాడు. బేరం లేనప్పుడు బండి దుకాణం వాకిట్లో ఆపి, ఆమ్లెట్ చుట్టిన చపాతీ తింటూ కూర్చుంటాడు.

“నమ్మనివాడివి ముందే లేచిపో. సరే, ఆ సంగతి నస్సోలో అనే పిల్లకి చెప్పాను, అది దరఖాస్తు పెట్టుకుంది, ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోనులో సిగ్నలు లేదు! నేను కంగారుపడ్డానా? దాని జడలకి సవరాలు కలిపి అల్లుకుంటూ పోయాను, వాకిలి దాటింది, రోడ్డు దాటింది, ఆ చివర పనసచెట్టు కొమ్మకి కట్టేశాను. ఇహ చూస్కో, సిగ్నలు జడలోంచి జలజలా కారింది. దాని ఎడమ జడలో వార్తలు, కుడి జడలో పాటలు.”

“అక్కా, ఫుట్‌బాలు ఏ జడలో వచ్చింది?” అన్నాడు లువాగా.

“పిలకలో. నోర్మూసుకుని తిను. ఫోను నేనే పట్టుకున్నాను, ఇదిగో ఈ చేత్తో. తెర మీద నలుగురు పెద్దలు, తెల్లజుట్లు, కళ్ళజోళ్ళు. వాళ్ళని చూసిందో లేదో మన పిల్ల దభీమని మోకరిల్లింది. మాయం! పాపం ఆ నలుగురూ హడలిపోయారు. ఒకాయన తన బల్లకింద వెతికాడు, అక్కడేమైనా పడిందేమోనని. ఇంకొకావిడ మంటలార్పేవాళ్ళకి ఫోను చేసింది. నేనన్నాను, అయ్యా, పిల్ల క్షేమంగానే ఉంది, మీకు నమస్కారం పెడుతోంది, మీరు అందుకోకపోతే సాయంత్రందాకా లేవదు అని. ఎలా అందుకోవాలమ్మా అన్నారు. ముందు మీరూ దిగండి అన్నాను.”

“దిగారా?” అన్నాను. నవ్వు ఆపుకోవడం కష్టంగా ఉంది.

“దిగకేం? ఇటు కుర్చీ ఖాళీ, అటు నాలుగు కుర్చీలూ ఖాళీ. తెర మీద మనిషన్నవాడు లేడు, మర్యాదొక్కటే కనిపిస్తోంది. నస్సోలో కిందనుంచి అడుగుతోంది, రాత్రి బాగా గడిచిందా, ఇంట్లోవాళ్ళు కులాసానా అని. వాళ్ళు ఊఁ అన్నారు. ఇది ఊఁ అంది. వాళ్ళు మళ్ళీ ఊఁ. ఊఁకి ఊఁ బదులిచ్చే మన పలకరింపు ఒకపట్టాన తెమిలేదా? ఆ ఊఁ గదిదాటి వరండాలోకి పాకింది, కాలేజీ అంతా మోకాళ్ళమీద పడి ఊఁ అంటే ఊఁ. వీధిలో బస్సులాగిపోయాయి, పోలీసులు దిగారు, దొంగలూ దిగారు, పక్కపక్కనే!”

తెండో అమ్మ గంప పక్కకి జరుపుకుంది, నవ్వడానికి చోటు కోసం.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన ఆకాశంలో ఒక విమానం. దిగొచ్చా అని అడుగుతుంటే కిందనుంచి ఊఁ అంటారే గాని రమ్మనేవాడు లేడు. ఎందుకని, అంతా మోకాళ్ళ మీదున్నారు. ఆ పైలట్ ఎవరి కొడుకో గాని బుద్ధిమంతుడు. కిందికి చూశాడు, సంగతి గ్రహించాడు, విమానాన్ని ముందు చక్రం మడిచి మోకాళ్ళ మీద దింపాడు! లోపలివాళ్ళంతా ఊఁ అన్నారు. అప్పుడా పెద్దాయన కళ్ళు తుడుచుకుని, ‘అమ్మా, ఇన్నేళ్ళలో మా ఇల్లెలా ఉందని అడిగిన నాథుడు లేడు, మీ పిల్లకి స్కాలర్‌షిప్పు ఇచ్చేశాం, మీ వీధికంతటికీ ఇచ్చేశాం’ అన్నాడు. వీధిలో మేకక్కూడా వచ్చింది. దాని పాస్‌పోర్టు ఫొటో దగ్గరే పేచీ, చెవులు పట్టలేదు. నన్నైతే పలకరింపుల పాఠం చెప్పడానికి రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డారు. నేను పోతే మీ తలలెవరు చూస్తారని పోలేదు.”

ఈలోగా వేళ్ళు ఎడమచెవి దాకా వచ్చేశాయి. నాకు భయం ఎప్పుడు పోయిందో తెలీదు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు మాటనడం నేనెరగను, కాని ఇది నోట్లో ఆగలేదు.

“అత్తా, ఫోను మీ చేతిలోనే ఉందన్నారు కదా?”

“నా చేతిలోనే. ఈ చేతిలోనే.”

“మరి పిల్ల కిందికి దిగినప్పుడు మీరు ఆ చెయ్యి కాస్త కిందికి దించితే సరిపోయేదిగా?”

దువ్వెన గాల్లో ఆగింది. లువాగా నోట్లోని చపాతీ నమలడం మానేశాడు. తెండో అమ్మ ఎంత నవ్విందంటే రెండు అవకాడోలు దొర్లి రోడ్డు మీదికి పోయాయి, లువాగా వాటివెనక పరిగెత్తాడు.

నాలోంగో గొంతు సవరించుకుంది. “దించితే విమానం ఎలా దిగుతుందే?” అంది. మళ్ళీ తనే నన్ను కిందికీ పైకీ చూసి, “వదినా, ఆ గంప ఇటు తే. చాప పరవండి,” అంది.

నాలుగింటికి ఫోను గంపలో, అవకాడోల మధ్య నిలబడింది. నేను చాప మీద. ఎడమచెవి దగ్గర నాలుగు పాయలు ఇంకా అల్లలేదు, “అటు తల తిప్పావంటే చంపుతా” అంది నాలోంగో తలుపుచాటునుంచి. తెర మీద తెల్లజుట్టు పెద్దాయనా, ఇద్దరు ఆడవాళ్ళూ కనిపించారు. నా మోకాళ్ళు అప్పటికే నేలమీదున్నాయి, వాటికి ఇంకెక్కడికీ వెళ్ళే చోటు లేదు. ఇల్లంతా కులాసానా అండీ అని నేనే ముందు అడిగాను. పెద్దాయన ఒక్కక్షణం తడబడి, కులాసానే, ఈమధ్య మనవరాలికి పళ్ళొస్తున్నాయని చెప్పాడు. ఆ తర్వాత ప్రశ్నలు ప్రశ్నల్లా లేవు.

వానలు మొదలయ్యాక కబురొచ్చింది. ప్రయాణానికి తల అల్లించుకోవడానికి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఇంకో పిల్ల తన వంతు కోసం ఎదురుచూస్తూ గోళ్ళు కొరుక్కుంటోంది. దానికీ వచ్చే వారం ఇంటర్వ్యూ.

“నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు,” అంటోంది నాలోంగో, వేళ్ళు జోరుగా ఆడిస్తూ. “ఫోను కిందికి దించండర్రా అన్నాను. ఎవరికైనా తట్టిందా? నాకే తట్టింది. దించీ దించగానే ఆ దేశం మొత్తం జానెడు కిందికి దిగింది!”

తెండో అమ్మ దగ్గి, నావైపు చూసింది. లువాగా కూడా చూశాడు. నాలోంగో దువ్వెన నా నడినెత్తిన ఆగింది.

“అవునా కాదా నబుకీరా?”

“ఊఁ,” అన్నాను.