పార్సిల్లో వచ్చిన క్రీము

దుబాయి నుంచి బాపు వీడియో కాల్ చేసినప్పుడల్లా కూతురు ఫోను పైకప్పు వైపు తిప్పేస్తోంది. ఈరోజూ అంతే.

“బిడ్డా, నెల రోజుల సంది ఫ్యానే చూస్తున్న. నీ మొఖమేది?”

“మొటిమలు లేసినయ్ బాపూ. నువ్వు పంపిన క్రీము పెడితె ఇంకింత ఎక్కువైనయ్. డాక్టరమ్మ ముందుగాల గా క్రీము బంద్ చెయ్యిమన్నది.”

“అయ్యో, గది మొఖానికి కాదు బిడ్డా! సిమెంటుకు నా చేతులు పగిలితె ఈడి డాక్టర్ రాసిచ్చిన మందు. పార్సిల్ల సబ్బులల్ల కలిసి వచ్చినట్టుంది. ఇంకేం చెప్పింది?”

“రెండు పూటలు కడుక్కొమ్మన్నది, గిల్లద్దన్నది. మెల్లగ తగ్గుతయట.”

“మరి ఫికరెందుకు? జర చూపియ్యి.”

ఆమె ఫోను తన వైపు తిప్పుకుంది.

“నా బిడ్డ బంగారమే.”

“ఇగ నీ చేతులు చూపియ్యి బాపూ.”

అవతల బాపు మొఖం పక్కకు జరిగింది. ఫోనులో ఇప్పుడు అక్కడి ఫ్యాను తిరుగుతోంది.