కారణం గడిలో నేను రాసిన మాట

నా పదవీ విరమణ సభను నడిపిస్తున్న పెద్ద డాక్టరు గారికీ, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారాలు చూసుకుంటున్న ఊరి పెద్దలకూ, నన్ను చూడగానే ఇప్పటికీ చెయ్యి వెనక్కి దాచుకునే పిల్లలకూ, ‘సూదమ్మ వస్తోంది’ అని బెదిరించి ఆ పిల్లలకి అన్నం తినిపించిన తల్లులకూ నమస్కారం. (నవ్వులు)

డాక్టరు గారు ఇందాక నన్ను శాంతమూర్తి అన్నారు. అయ్యా, మీరు ఈ ఆరోగ్య కేంద్రానికి వచ్చి రెండేళ్ళే అయింది కాబట్టి క్షమిస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇక్కడ టీకాలు వేశాను. నా నోటికి జడిసి బతికిన మన మందుల గది గుమస్తా, అదిగో, ఆ మూల కూర్చుని నవ్వుతున్నాడు. ఇవాళైనా నవ్వనివ్వండి పాపం.

మేం ఇంటింటికీ తిరిగేటప్పుడు మా చేతిలో ఒక రిజిస్టరు ఉంటుంది. టీకా వద్దన్న ఇంటికి ఎదురుగా ‘కారణం’ అని ఒక గడి. అందులో ‘నిరాకరణ’ అని ఒక్క ముక్క రాస్తే పైవాళ్ళకి చాలు. కానీ నాకు పని నేర్పిన పెద్ద సిస్టరు అలా రాయనిచ్చేది కాదు. “వాళ్ళేమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయి. రాయలేకపోయావంటే నువ్వు అడగలేదన్నమాట” అనేది.

మన దర్జీ గారి ఇంటికి ఎనిమిది సార్లు వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తీసేది. ఏడు సార్లూ నేనే మాట్లాడాను, ఉపన్యాసాలు దంచాను. ఎనిమిదోసారి ఎండకి నోరెండిపోయి, గడప మీద కూలబడి ఊరుకున్నాను. అప్పుడు చెప్పిందావిడ. “పిల్లకి జ్వరమొస్తే మా ఆయన కొట్లో మిషను దిగి రాడు సిస్టరూ. నేనొక్కదాన్నే ఏం చేసేది?” ఆవిడకి టీకా మీద కోపమే లేదండీ! ఆ మాటే గడిలో రాసుకుని, మర్నాడు టీకా వేసి, దర్జీ గారిని రెండు రోజులు ఇల్లు కదలనివ్వలేదు. ఔనా కాదా దర్జీ గారూ? (నవ్వులు) తల ఊపుతున్నారు, చూడండి.

ఇక పట్నం సంగతి. నాకు పట్నమంటే గిట్టదని మీకందరికీ తెలుసు. మా అబ్బాయి ఉండేది నాలుగో అంతస్తులో, కిటికీ తీస్తే ఎదురింటి గోడ. రెండో రోజుకే నాకు ఊపిరాడదు. తిరిగొచ్చి బస్సు దిగగానే “అమ్మయ్య, మనుషుల్లో పడ్డాను” అనేదాన్ని. పల్లెటూరి వాళ్ళు చెబితే వింటారు, చదువుకున్న పట్నం వాళ్ళే ఫోనులో చూసిందల్లా నమ్మి టీకాలొద్దంటారు అని ఊరంతా టముకు వేసిందాన్ని నేనే. మీరూ చప్పట్లు కొట్టారు.

అదంతా ఎవరి మీద అన్నానో ఇవాళ చెబుతాను. మా కోడలి మీద.

మా మనవరాలికి పద్నాలుగు నెలలు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో వేసినవి తప్ప ఒక్క టీకా పడలేదు. మూడు వేల మంది పిల్లలకి సూది వేసినదాని సొంత మనవరాలండీ! పోయిన నెల వాళ్ళ వీధిలోనే ఇద్దరు పిల్లలకి తట్టు పోసింది. వెంటనే ఫోను చేసి “చదువుకున్నదానివి, నీకు బుద్ధుందా?” అన్నాను. పెట్టేసింది. ఆ కోపంలో రిజిస్టరు చివరి పేజీలో, ఎవరు చూస్తారులే అని, వాళ్ళ ఇల్లు కూడా ఎక్కించి, కారణం గడిలో ‘పొగరు’ అని రాశాను. ఇన్నేళ్ళలో మీ ఎవరి గడిలోనూ అలాంటి మాట రాయలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ రిజిస్టరు కొత్త సిస్టరుకి అప్పగించాను. నేనే పని నేర్పిన పిల్ల. పేజీలన్నీ తిరగేసి, చివర ఆగి, “అమ్మా, ఇక్కడ వాళ్ళేమన్నారో రాయలేదేం?” అంది.

బయట బెంచీ మీద కూర్చుని కోడలికి ఫోను చేశాను. “ఎందుకు వద్దంటున్నావమ్మా?” అన్నాను. అంతే అడిగాను. అప్పుడు చెప్పింది. తనకి తొమ్మిదేళ్ళప్పుడు, తమ్ముడికి టీకా వేసిన సాయంత్రం, వాడికి జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయట. తల్లి పనికి వెళ్ళింది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తనొక్కతే కూర్చుందట. తమ్ముడికేం కాలేదు, ఇవాళ లారీ నడుపుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. ఈ పిల్ల గుండెల్లో భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

“ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదేమ్మా?” అన్నాను.

“మీరు అడగలేదు కదత్తయ్యా” అంది.

జ్వరంతో వచ్చే ఆ ఫిట్స్ చూసేవాళ్ళకి ప్రాణం పోయినట్టుంటుంది కానీ, మామూలుగా పిల్లలకి ఏ హానీ మిగల్చవు. ఈ ముక్క ఇక్కడ ఎంతమంది తల్లుల పక్కన కూర్చుని చెప్పానో! నా ఇంటి మనిషికి చెప్పలేదు. మీరు భయపడితే భయమన్నాను, తను భయపడితే పొగరన్నాను. పగలంతా నాలుగో అంతస్తులో చంటిపిల్లతో ఒక్కతే ఉంటుంది. పక్కింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. చేతిలో ఉన్నది ఫోను, దాన్నే అడిగింది. దానికి పట్నాన్ని తిట్టి ఏం లాభం? సిగ్గుగా ఉందండీ నాకు.

ఇవాళ పొద్దున కొత్త సిస్టరు దగ్గర రిజిస్టరు అడిగి తీసుకుని, ఆ మాట కొట్టేసి, తను చెప్పినదంతా తన మాటల్లోనే రాశాను. గడి చాలక పక్క పేజీలోకి వెళ్ళింది.

మీరు ప్రేమగా ఇచ్చిన ఈ పడక్కుర్చీ చాలా బాగుంది. కానీ దాన్ని టీకాల గది ముందు వరండాలో వేయించండి. సూది వేయించాక పిల్లలతో అరగంట ఆగే తల్లులకి నడుం వాల్చడానికి ఉంటుంది. నాకిప్పుడు కూర్చునే తీరిక లేదు, నాలుగింటి బస్సుకి పట్నం వెళుతున్నాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, నాకూ నవ్వే వస్తోంది.

ఇన్నేళ్ళు తలుపు తీసి, తిట్టినా పడి, మీ పిల్లల్ని నా చేతుల్లో పెట్టారు. మీ రుణం మాటలతో తీరేది కాదు. మా కోడలు ఇంకా సరేనని అనలేదు. “ముందు మీరు రండి, అడగాల్సినవి చాలా ఉన్నాయి” అంది. “ఎన్ని రోజులుంటారత్తయ్యా?” అని కూడా అడిగింది, రెండు రోజులకే పారిపోయేదాన్ని కదా.

“నువ్వు అడగాల్సినవన్నీ అయ్యేదాకా” అని చెప్పాను. సెలవు.